పూట గడవనప్పుడు ఎవరి తలుపు తట్టాలి?

సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్‌లోని శేరిలింగంపల్లి చుట్టుపక్కల నుంచే వచ్చాయి. నల్లగండ్ల ఫ్లాట్ల నుంచి సిద్దిఖ్‌నగర్ రేకుల గదుల దాకా అందరి ప్రశ్నా తిండి గురించే. కొందరు నేరుగా అడిగారు, కొందరు పక్కింటివాళ్ల సంగతిలా రాశారు. పేర్లు ఎవరివీ వెయ్యడం లేదు.

*

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీలో తొమ్మిదేళ్లు పనిచేశాను. మూడు నెలల కిందట తీసేశారు. ఇద్దరు పిల్లలు. ఫ్లాట్ ఈఎంఐ, స్కూలు ఫీజు పోను చేతిలో ఏమీ మిగలడం లేదు. కిరాణా కొట్టులో ఖాతా పెరిగిపోయి, ఆ వీధిన వెళ్లడమే మానేశాను. అమెరికాలో ఫుడ్ బ్యాంకులుంటాయని, అవసరమైనవాళ్లు వెళ్లి సరుకులు తెచ్చుకుంటారని మా బావమరిది చెప్పాడు. ఇక్కడ అలాంటివి ఉన్నాయా? వెళితే ఫొటోలు తీస్తారా? ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు.
— పేరు వద్దు, నల్లగండ్ల

జవాబు: మీ బావమరిది చెప్పినటువంటివి మన దగ్గర దాదాపు లేవు. 1967లో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన, దుకాణాలు పారేసే మంచి సరుకును ఒకచోట చేర్చి పంచడం మొదలుపెట్టాడు. ఆ పద్ధతే తర్వాత దేశదేశాలకు పాకింది. మన దగ్గర ఆ పని ప్రభుత్వమే నెత్తిన వేసుకుంది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పటి నుంచి తెలుగునాట ఆకలికి మొదటి జవాబు రేషన్ షాపే. స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి కానీ అవి ఎక్కువగా వండిన అన్నం పంచుతాయి. నెల సరుకులు ఇచ్చేవి తక్కువ. మీలాంటి కుటుంబానికి చిక్కొచ్చేది సరిగ్గా అక్కడే.

రేషన్ కార్డుకు దరఖాస్తు పెడదామని మీరు అనుకుంటూ ఉండవచ్చు. తెలంగాణలో పట్టణాలకు ఏడాది ఆదాయ పరిమితి రెండు లక్షల రూపాయలు. నిరుటి ఆదాయపు పన్ను రిటర్ను, కారు, ఫ్లాటు ఉన్నవారికి కార్డు రావడం కష్టం. ఆ ఆశతో మీసేవ చుట్టూ తిరిగి పుణ్యకాలం పోగొట్టుకోవద్దు. మీకు దారులు వేరే ఉన్నాయి.

అన్నిటికంటే ముందు ఇంట్లో చెప్పండి. సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు పెద్దలు. మీది ఇప్పుడు గుట్టుగా ఉంచాల్సిన సంసారం సంగతి కాదు, రట్టు చేస్తేనే నయమయ్యే రోగం. ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో మీకంటే మీ ఇంటావిడకే బాగా తెలుసు. ఆమెకు తెలియనంతకాలం పాల ప్యాకెట్లు, ఆన్‌లైన్ ఆర్డర్లు పాత లెక్కలోనే నడుస్తాయి.

ఆ తర్వాత డబ్బు వరస మార్చండి. మన మధ్యతరగతిలో ఒక అలవాటుంది: ఈఎంఐ కట్టేసి, మిగిలినదాంతో తింటాం. కష్టకాలంలో దాన్ని తిరగేయాలి. పిల్లల తిండి, కరెంటు, మందులు ముందు. ఈఎంఐ చెక్కు వెనక్కి రాకముందే బ్యాంకుకు మీరే వెళ్లి, ఉద్యోగం పోయిన కాగితం చూపించి, వాయిదా తగ్గించమనో, కాలం పెంచమనో అడగండి. ఒకటి రెండు వాయిదాలు తప్పాక అడిగితే వాళ్ల మాట తీరు మారిపోతుంది. ఉద్యోగం లేనప్పుడు పీఎఫ్‌లో 75 శాతం దాకా తీసుకునే వీలుంది. అది దాచుకోవాల్సిన డబ్బే, కానీ దాన్ని దాచుకున్నది ఇలాంటి రోజుకు కూడా. లోన్ యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. 2020 డిసెంబరులో సైబరాబాద్ పోలీసులు ఆ యాప్‌ల కాల్ సెంటర్ల మీద పడి ఎందరినో అరెస్టు చేసింది ఈ చుట్టుపక్కలవాళ్ల ఫిర్యాదుల తర్వాతే. బియ్యం బస్తా కోసం తీసుకున్న అప్పు మీ ఫోన్లోని ప్రతి నంబరుకూ బూతు మెసేజ్‌గా వెళ్లడం ఆ వ్యాపారం పద్ధతి.

ఇక సరుకుల సంగతి. ఉద్యోగం పోయినవాళ్లకు మాజీ సహోద్యోగుల వాట్సాప్ గ్రూపులే మొదటి ఆసరా అవుతున్నాయి. అందులో ఒకరిద్దరికి మాత్రం విడిగా, సూటిగా చెప్పండి. “రెండు నెలల బియ్యం, కందిపప్పు, నూనె కావాలి” అని వస్తువు పేరుతో అడగండి. “ఏదైనా హెల్ప్” అంటే ఎవరికీ ఏం చెయ్యాలో తోచదు. గుడి, చర్చి, మసీదు, గురుద్వారా కమిటీల దగ్గర కూడా సరుకుల సాయం ఉంటుంది. కమిటీలో ఒక మనిషికి ఫోన్ చేస్తే చాలు, వరసలో నిలబడక్కర్లేదు.

ఫొటోల విషయంలో మీ భయం నిజమే. సంచి చేతికిస్తూ కెమెరా వైపు చూడమనే సంఘాలు ఉన్నాయి, వాటి మీద నాకు గౌరవం లేదు. ఫోన్లోనే “ఫొటో వద్దు, సరేనా?” అని అడిగి ఒప్పించుకున్నాకే వెళ్లండి. కాదంటే ఇంకొకరిని చూసుకోండి.

మీరొక్కరే ఇలా ఉన్నారని అనుకోకండి. కొవిడ్‌లో బడులు మూతపడ్డాక 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు స్కూళ్ల టీచర్లకు, సిబ్బందికి నెలకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల సన్నబియ్యం ఇస్తామని ప్రకటించింది. పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టారు, టీచరమ్మ రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డారు. అదే రోజుల్లో ఎల్బీనగర్‌లో దోసపాటి రాము అనే హెచ్‌ఆర్ ఉద్యోగి ‘రైస్ ఏటీఎం’ పేరుతో సరుకులు పంచారు. వచ్చినవాళ్లందరూ అడ్డా కూలీలే అనుకుంటే పొరపాటు.

రాత్రిళ్లు నిద్రపట్టకపోయినా, బతుకు మీద విరక్తిగా అనిపించినా 14416కు ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

*

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. సిద్దిఖ్‌నగర్‌లో గది తీసుకుని ఉంటున్నాం. నేను అపార్ట్‌మెంట్లలో అంట్లు తోముతాను, మా ఆయన బిల్డింగ్ పనికి పోతాడు. అత్తమ్మ, పెద్దపిల్ల ఊర్లోనే ఉన్నారు. మా కార్డు అక్కడిది. ఇక్కడ డీలరు దగ్గరికెళ్తే ఆంధ్రా కార్డు చెల్లదు పో అన్నాడు. నా వేలిముద్ర కూడా పడదు. పని లేని వారాల్లో బియ్యం కొనలేకపోతున్నాం. ఈ ఉత్తరం నేను పనిచేసే ఇంటి మేడమ్ రాసిపెట్టింది.
— సిద్దిఖ్‌నగర్ నుంచి

జవాబు: అమ్మా, చెల్లదనడం తప్పు. ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు పథకం 2019 ఆగస్టులో మొదలైనప్పుడు ముందుగా కలిపిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. అంటే మీలాంటివాళ్ల కోసమే అది మొదలైంది.

కానీ ఒక మెలిక ఉంది, డీలర్లు కూడా దీన్ని సరిగా చెప్పరు. ఆంధ్రాలో బియ్యం కార్డులు రెండు రకాలు. కొన్ని 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం కిందివి, కొన్ని రాష్ట్రం తన ఖర్చుతో ఇచ్చినవి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పక్క రాష్ట్రంలో చెల్లేవి మొదటి రకమే. మీది ఏదో తెలుసుకోవడానికి మీ మేడమ్‌ను ఫోన్లో ‘మేరా రేషన్’ యాప్ తెరిచి కార్డు నంబరు కొట్టమనండి, లేదా 14445కు ఫోన్ చేసి అడగండి. మొదటి రకమైతే మనిషికి నెలకు ఐదు కిలోల చొప్పున ఉచితంగా వస్తుంది. ఇక్కడి కార్డులవాళ్లు 2025 ఏప్రిల్ నుంచి తలకు ఆరు కిలోల సన్నబియ్యం తీసుకుంటున్నారు. అది తెలంగాణ తనవాళ్లకు ఇచ్చేది, దానికోసం డీలరుతో గొడవపడకండి. మీకు రావాల్సిన ఐదు కిలోల దగ్గర మాత్రం తగ్గకండి.

ఇంకో మంచి సంగతి. కార్డులోని బియ్యమంతా ఒకేచోట తీసుకోవాలని లేదు. ఊర్లో అత్తమ్మ, పాప తమ వాటా అక్కడే తీసుకోవచ్చు, మీరిద్దరూ మీ వాటా ఇక్కడ తీసుకోవచ్చు. ముందుగా ఫోన్లో మాట్లాడుకోండి. అత్తమ్మ మొత్తం ఎత్తేశాక మీరు మిషన్ ముందు నిలబడితే సున్నా చూపిస్తుంది.

వేలిముద్ర మాట. సబ్బుపొడి, పీచు పట్టిన చేతులకు గీతలు అరిగిపోతాయి. ఇది మీ ఒక్కరి బాధ కాదు. చెయ్యి కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, బొటనవేలు కాకపోతే చూపుడువేలు, ఎడమచేతి వేళ్లు కూడా పెట్టి చూడమనండి. కార్డులో పేరున్న ఎవరి వేలు పడినా చాలు, కాబట్టి మీ ఆయనను పని లేని రోజు తీసుకెళ్లండి. కనుపాప చూసే మిషన్ ఉంటే దాంతో ఇవ్వమనండి. ఆధార్ సరిపోలలేదన్న ఒక్క కారణంతో బియ్యం ఎగ్గొట్టకూడదని కేంద్రం 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. మిషన్ నుంచి వచ్చే చీటీ అడిగి తీసుకోండి, అందులో రాసిన కిలోలు, కాటా మీద చూపిన కిలోలు ఒకటేనా చూసుకోండి. మళ్లీ పొమ్మంటే 1967కు ఫోన్ చేసి షాపు నంబరు చెప్పండి. ఆ నంబరు షాపు బోర్డు మీదే ఉంటుంది.

కార్డు ఇక్కడికి మార్పించుకోమని ఎవరైనా అంటే తొందరపడకండి. అత్తమ్మ పింఛను, ఊళ్లో వచ్చే మిగతా పథకాలు ఆ కార్డుతో ముడిపడి ఉంటాయి. తెంచుకోవడం ఒక్క రోజు పని, మళ్లీ కట్టుకోవడం ఏళ్ల పని.

*

ప్రశ్న: గచ్చిబౌలిలో హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. హాస్టల్ ఫీజులో భోజనం తీసేస్తే కొంత మిగులుతుంది. ఐదు రూపాయల భోజనం నాలాంటి బీటెక్ వాళ్లకు పెడతారా? ఏ కాగితాలు చూపించాలి?
— ఒక నిరుద్యోగి

జవాబు: ఐదు రూపాయల బిళ్ల చూపించాలి, అంతే. 2014లో జీహెచ్‌ఎంసీ, హరేకృష్ణ మూవ్‌మెంట్ కలిసి మొదలుపెట్టిన అన్నపూర్ణ కేంద్రాలివి. ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు అంటున్నారు. 2020 లాక్‌డౌన్‌లో ఆ ఐదు రూపాయలు కూడా తీసుకోకుండా పెట్టారు. అన్నం, పప్పో సాంబారో, ఒక కూర, పచ్చడి. 2025 సెప్టెంబరు నుంచి కొన్నిచోట్ల ఐదు రూపాయలకే పొద్దున టిఫిన్ కూడా ఉంది, చిరుధాన్యాల ఇడ్లీ, ఉప్మా, పొంగల్, పూరీ లాంటివి. ఆదివారం టిఫిన్ ఉండదు.

భోజనం మధ్యాహ్నం పెడతారు, వండింది అయిపోతే అయిపోయినట్టే. పన్నెండున్నరకల్లా అక్కడుండండి. రాత్రి పూట మాత్రం మీరే చూసుకోవాలి, అందుకే హాస్టల్లో భోజనం పూర్తిగా మానెయ్యకుండా రాత్రి భోజనం ఒక్కటీ ఉంచమని ఓనరును బేరమాడండి. చాలామంది ఒప్పుకుంటారు.

*

ప్రశ్న: పేదల కోసం పెట్టిన ఐదు రూపాయల క్యాంటీన్ దగ్గర మెళ్లో ఐడీ కార్డులు వేలాడేసుకున్నవాళ్లు, బండ్ల మీద వచ్చేవాళ్లు తింటున్నారు. ఇది మా పన్నుల డబ్బు కాదా? తెల్లకార్డు చూసి పెట్టొచ్చు కదా?
— ఒక పన్ను చెల్లింపుదారు, కొండాపూర్

జవాబు: మీ పన్నుల డబ్బే. ఒక భోజనానికి ముప్పై రూపాయల దాకా ఖర్చవుతుంటే తినేవాళ్లు ఐదిస్తారు, మిగతాది నగరపాలక సంస్థ భరిస్తుంది.

ఆ ఐడీ కార్డును కాస్త దగ్గరగా చూడండి. హైటెక్ సిటీలో మెడలో కార్డు వేసుకున్న ప్రతివాడూ కోడింగ్ చేసేవాడు కాడు. అందులో హౌస్‌కీపింగ్ ఆమె ఉంటుంది, సెక్యూరిటీ అతను ఉంటాడు, క్యాబ్ డ్రైవర్లుంటారు, పన్నెండు గంటల డ్యూటీకి పదిహేను వేలు కూడా రాని కాంట్రాక్టు కుర్రాళ్లుంటారు. బండి మీద వచ్చేవాడు చాలాసార్లు ఇతరుల భోజనం మోసుకెళ్లే డెలివరీ అబ్బాయి.

తెల్లకార్డు అడిగితే ఏమవుతుందో పైన సిద్దిఖ్‌నగర్ ఉత్తరమే చెబుతోంది. ఊర్లో కార్డున్న వలస కూలీకి ఇక్కడ అన్నం దొరకదు. ఇంకా కార్డు రాని కొత్త కోడలికి దొరకదు. అవ్వ చేతిలో కార్డు లేకపోతే అవ్వకూ దొరకదు. ఎండలో నిలబడి పళ్లెం పట్టుకుని రోడ్డు పక్కన తినడానికి సిద్ధపడటమే ఇక్కడ అర్హత పరీక్ష, అది చాలు. 2013లో చెన్నైలో మొదలైన అమ్మ ఉణవగంలోనూ, 2018లో ఆంధ్రాలో వచ్చి, ఆగి, 2024లో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలోనూ ఎవరినీ కార్డు అడగలేదు.

ఒక మాట ఒప్పుకుంటాను. నెలకు లక్ష తెచ్చుకునేవాడు సరదాకు వెళ్లి, వీడియో తీసి, అరవై ప్లేట్లున్న చోట ఒకటి ఖాళీ చేస్తే అది బాగోదు. దానికి కాపలా పెట్టాల్సింది మనసు, ప్రభుత్వం కాదు.

*

ప్రశ్న: కొండాపూర్‌లో కట్టే అపార్ట్‌మెంట్ దగ్గర షెడ్డులో ఉంటాం. మా చెల్లికి ఐదో నెల. రక్తం తక్కువుందన్నారు. ఏమైనా ఇస్తారా?
— ఒక అక్క

జవాబు: అంగన్‌వాడీకి తీసుకెళ్లమ్మా, రేపే. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అక్కడే ఒక పూట నిండు భోజనం పెడతారు. అన్నం, పప్పు, కూర, గుడ్డు, గ్లాసు పాలు. పుట్టాక బిడ్డకు ఏడో నెల నుంచి బాలామృతం ఇస్తారు. వేరే ఊరివాళ్లని పంపేయకూడదు. ఆధార్, ఆస్పత్రిలో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు పట్టుకెళ్లండి. ఏ అంగన్‌వాడీయో తెలియకపోతే మీ బస్తీకొచ్చే ఆశా కార్యకర్తను అడిగితే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. ఐరన్ మాత్రలు కొండాపూర్ ప్రభుత్వ ఆస్పత్రిలో ఊరికే ఇస్తారు, అవి మానకుండా వేసుకోమనండి.

*

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ దగ్గర ఎంఎస్ చదువుతున్నాడు. పార్ట్‌టైమ్ పని దొరకడం లేదు. మొన్న ఫోన్లో, యూనివర్సిటీలో ఫుడ్ ప్యాంట్రీ నుంచి సరుకులు తెచ్చుకుంటున్నానన్నాడు. వినగానే ఏడుపొచ్చింది. లోను తీసి పంపింది అడుక్కు తినడానికా? దానివల్ల వీసాకు ఇబ్బంది రాదా?
— ఒక తల్లి, చందానగర్

జవాబు: వాడు మీతో చెప్పాడు చూడండి, అందుకు సంతోషించండి. చాలామంది చెప్పకుండా పొద్దున బ్రెడ్డు, రాత్రి బ్రెడ్డు తిని వీడియో కాల్‌లో నవ్వుతారు.

అక్కడ క్యాంపస్ ప్యాంట్రీ అనేది కొత్త సంగతి కాదు. డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో, మన పిల్లలు వందలమంది చదివే యూటీడీలో ‘కామెట్ కప్‌బోర్డ్’ అని ఒకటుంది. విద్యార్థి కార్డు చూపి తీసుకోవడమే. విద్యార్థుల కోసం విశ్వవిద్యాలయమే నడిపేదాన్ని వాడుకోవడం అడుక్కోవడం కాదు. మీవాడు దూరంగా ఉండాల్సింది ‘స్నాప్’ అనే ప్రభుత్వ ఆహార పథకానికి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారికి దానికి అర్హత లేదు, ఎవరైనా మధ్యవర్తి ఇప్పిస్తానన్నా దరఖాస్తు పెట్టకూడదు. ఆ తేడా ఏదైనా అర్థం కాకపోతే యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఉంటుంది, మళ్లీ సరుకులు తెచ్చేముందే అక్కడ అడగమనండి.

ఒక్క హెచ్చరిక. 2024లో కెనడాలో ఫుడ్ బ్యాంకు సరుకులతో నెలకు ఎంత మిగుల్చుకుంటున్నానో చెబుతూ వీడియో పెట్టిన మనదేశపు కుర్రాడి మీద పెద్ద రగడ అయింది. అక్కడ కొన్ని ఫుడ్ బ్యాంకులు విదేశీ విద్యార్థులను రావద్దన్నాయి కూడా. మీవాడిని అవసరమున్నన్నాళ్లు తీసుకోమనండి, పని దొరికాక మానెయ్యమనండి, వీలైతే శనివారం రెండు గంటలు అక్కడే అలమర్లు సర్దమనండి.

*

ప్రశ్న: మా గేటెడ్ కమ్యూనిటీలో వారానికొక ఫంక్షన్. బోలెడంత అన్నం, బిర్యానీ మిగిలిపోతాయి. వీటిని అవసరమైనవాళ్లకు చేర్చడం ఎలా? క్లబ్‌హౌస్ బయట ఒక ఫ్రిజ్ పెడదామని అనుకుంటున్నాం.
— అసోసియేషన్ కార్యదర్శి, మియాపూర్

జవాబు: ఆలోచన మంచిది, ఫ్రిజ్ సంగతి మాత్రం నాకు అనుమానం. కొన్నేళ్ల కిందట మన శిల్పారామం దగ్గరే ‘ఫీడ్ ద నీడ్’ పేరుతో అలాంటిది పెట్టారు. ఫ్రిజ్ కొనడం తేలిక. రోజూ తెరిచి వాసన చూసి, పాడైనవి తీసి, తలుపు రబ్బరు తుడిచే మనిషి కావాలి. ఆ మనిషి పేరు, అతనికిచ్చే జీతం మీ సమావేశంలో రాసుకున్నాకే ఫ్రిజ్ కొనండి.

మిగులు వంట చేర్చడానికి రాబిన్‌హుడ్ ఆర్మీ వంటి వాలంటీర్ల బృందాలున్నాయి. 2014లో ఢిల్లీలో మొదలై హైదరాబాద్‌కూ వచ్చింది, డబ్బు విరాళాలు తీసుకోరు, అన్నం మాత్రమే తీసుకుంటారు. వాళ్లకు ఫంక్షన్‌కు రెండు రోజుల ముందే చెప్పండి. రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేసి “ఎనభై మందికుంది, వచ్చి తీసుకెళ్లండి” అంటే ఎవరొస్తారు, వచ్చినా ఆ వేళకు ఎవరు తింటారు?

మిగులు ఆహారం పంచడానికి ఆహార భద్రత సంస్థ 2019లో నిబంధనలు కూడా తెచ్చింది. సారాంశం మీ వంటమనిషికి తెలిసిందే: వేడిది వేడిగా ఉండగానే పోవాలి. చెయ్యి పెట్టలేనంత వేడిలో, అంటే అరవై డిగ్రీలకు పైన ఉంచలేకపోతే రెండు గంటల్లో తినేవాళ్ల చేతికి అందాలి. కాబట్టి పంచేదాన్ని మొదట్నుంచీ మూతపెట్టిన గిన్నెలో విడిగా తీసి పెట్టించండి. బఫేలో అందరూ గరిటె తిప్పిన ట్రేలను పంపొద్దు. కొబ్బరి పచ్చడి, పెరుగన్నం, పాల స్వీట్లు అసలే వద్దు, ముందు పాడయ్యేవి అవే. గిన్నె మీద వండిన సమయం, మాంసాహారమా కాదా అన్నది కాగితం రాసి అంటించండి.

అయితే నన్నడిగితే మిగిలిన బిర్యానీ కంటే మిగలని కందిపప్పు మేలు. మీ గేటు లోపల పొద్దున్నే వచ్చే పనివాళ్లు, వాచ్‌మన్లు, తోటమాలి ఎందరున్నారో లెక్క పెట్టండి. నెలకు ఫ్లాటుకు ఒక కిలో పప్పు, ఒక లీటరు నూనె లాబీలోని అలమరలో పెడితే ఎవరింట్లో జబ్బు చేసినా, ఎవరికి పని పోయినా తాళం తీసి ఇవ్వవచ్చు. తాళం ఉండాల్సింది అసోసియేషన్ అధ్యక్షుడి దగ్గర కాదు, అందరి ఇళ్ల సంగతి తెలిసిన హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరమ్మ దగ్గర. మీ ఫ్లాట్ల యజమానులు ఊరెళ్లిన నెలలో పనామె జీతం కోసే అలవాటు కూడా ఉంటే, అలమర కంటే ముందు దాన్ని ఎజెండాలో పెట్టండి.